ఎడమచేతి అనధికార వినియోగం

మా ప్రభుత్వ సంగీత కళాశాలలో గిటారు విభాగం, ఎవరూ పట్టించుకోనంత కాలం చక్కగా నడిచింది. మేడ మీద చివరి గది. అందులో సాల్మన్ మాస్టారు, ఆయన ఎదురుగా ఇద్దరు విద్యార్థులు, వాళ్ల ఒళ్లో గిటార్లు. జీతాల కాగితాలు తప్ప ఆ గదికి మా ఆఫీసు నుంచి ఏ కాగితమూ వెళ్లేది కాదు. బహుశా అందుకే అక్కణ్ణుంచి సంగీతం వినిపించేది.

నేను ఆ కళాశాలలో సీనియర్ అసిస్టెంటుని. పేరు వరాహమూర్తి. నాకు సంగీతం రాదు, ఉత్తర్వులు రాయడం వచ్చు. మా శాఖలో ఈ రెంటిలో దేనికి గౌరవం ఎక్కువో విడమరిచి చెప్పక్కర్లేదు. ఇక్కడ చెప్పబోయే ఉత్తర్వులన్నీ నేను రాసినవే. భాషలో తప్పులుంటే నావి, మిగతా తప్పులు పైవారివి.

అంతా మా సంయుక్త సంచాలకులు త్రివిక్రమప్రసాద్ గారి మణికట్ల దగ్గర మొదలైంది. ఆయన ఆఫీసు మా కళాశాల ఆవరణలోనే. రాజధాని నుంచి ‘ప్రతి అధికారికీ ఒక కళ’ అని ఒక సర్క్యులర్ వచ్చింది. అధికారులందరూ తలా ఒక కళ నేర్చుకుని, నేర్చుకుంటున్నట్టు ఫొటో పంపాలి. ఫొటోలో బాగుంటుందని మా సారు గిటారు ఎంచుకున్నారు. సాల్మన్ మాస్టార్ని బంగళాకి పిలిపించారు.

మాస్టారు చెప్పవలసింది మొదటిరోజే చెప్పారు. “మణికట్టు వంచకండి సార్, తిన్నగా ఉంచండి. బొటనవేలు గిటారు మెడ వెనకాల ఆనించండి, గట్టిగా నొక్కేయకండి. లాగుతున్నట్టు అనిపించగానే ఆపేసి, చేతులు విదిలించుకుని, కాసిని మంచినీళ్లు తాగి మళ్లీ మొదలెట్టండి.”

సారు తలూపారు. తలూపడం ఆయనకు బాగా అలవాటు. ఆదివారం పొద్దున్న కూర్చుని, గిటారుని పసిపిల్లాణ్ణి చంకనేసుకున్నట్టు పట్టుకుని, రెండు మణికట్లూ కొడవళ్లలా వంచి, భోజనానికి కూడా లేవకుండా సాయంత్రం దాకా బాదారు. సోమవారం రెండు చేతులకీ బ్యాండేజీ కట్టుకుని ఆఫీసుకొచ్చారు. సంతకం పెట్టలేకపోయారు.

సంతకం ఆగితే మా శాఖలో ఊపిరి ఆగినట్టే. ఫైళ్లు బల్ల మీంచి కుర్చీల మీదికి, కుర్చీల మీంచి కిటికీల్లోకి పాకాయి. నృత్య విభాగానికి గజ్జెలు కొనడం ఆగిపోయి, పిల్లలు కాళ్లకు తాళంచేతుల గుత్తులు కట్టుకుని ఆడారు. చేతుల నొప్పి కాస్త నెమ్మదించాక సారు నన్నూ, మా ప్రిన్సిపాల్ భ్రమరాంబ గారినీ, సాల్మన్ మాస్టార్నీ పిలిపించారు.

“మాస్టారూ, గిటారు వాయిస్తే మణికట్టు అలసిపోకుండా ఉండాలంటే ఏం చెయ్యాలి?” అన్నారు.

మాస్టారు పాపం అదే మాట మళ్లీ చెప్పారు. వంచకండి, నొక్కేయకండి, మధ్యమధ్యలో ఆపండి.

సారు నావైపు తిరిగారు. “మూర్తి గారూ, ఈయన చెప్పింది ఎన్ని మాటలు?”

“మూడండి.”

“మూడు మాటల్లో తేలిపోయే సమస్యకి ఇక ప్రభుత్వం ఎందుకండీ? ఇటువంటి జటిలమైన అంశాన్ని శాస్త్రీయంగా, సమగ్రంగా, దశలవారీగా పరిశీలించవలసిన ఆవశ్యకత ఎంతైనా ఉంది.”

భ్రమరాంబ గారు వీణ విద్వాంసురాలు. ముప్పై ఏళ్లుగా వాయిస్తున్నారు. ఆవిడ కొంచెం జంకుతూనే అడిగారు. “మరి వీణ వాయించేవాళ్లకి కూడా మణికట్టు ఉంటుంది కదండీ, దాని సంగతి?”

“వీణ మన సంప్రదాయ వాద్యం మేడమ్. దానికి అలసట వర్తించదు,” అన్నారు సారు. ఆవిడ తన మణికట్టు చీర కొంగులోకి లాక్కున్నారు.

అలా ‘మణికట్టు అలసట నివారణ పథకం’ పుట్టింది. పథకం పుట్టగానే దానికి వారోత్సవాలు చెయ్యాలి కదా. ఆవరణ నిండా ఫ్లెక్సీలు కట్టాం. ఫ్లెక్సీలో సారు నమస్కారం పెడుతుంటారు, రెండు మణికట్ల చుట్టూ సూర్యుడి కిరణాల్లాంటివి వేయించాం. పొద్దున్నే ప్రార్థన అయ్యాక విద్యార్థులూ సిబ్బందీ కుడిచెయ్యి ముందుకు చాపి ప్రతిజ్ఞ చేసేవారు. “నా మణికట్టు నా ఒక్కడిది కాదు, అది జాతి సంపద. దానిని దుర్వినియోగం చేయనని, ఇతరులను చేయనివ్వనని...” అంటూ పేజీన్నర సాగుతుంది. బాగా రాశారని అందరూ మెచ్చుకున్నారు. అయితే అది పూర్తయ్యేసరికి చాపిన చేతులు పీకేవి. చివరిరోజు బస్టాండు నుంచి కళాశాల దాకా మానవహారం పెట్టాం. ఒకరి మణికట్టు ఒకరు పట్టుకుని నిలబడ్డారు. సారు కారు ఆలస్యంగా రావడంతో మిట్టమధ్యాహ్నం దాకా వదల్లేదు. మృదంగం విభాగంలో సగం మందికి ఆ సాయంత్రం నుంచి చేతులు లేవలేదు. పథకం ఎంత అవసరమో దీన్నిబట్టే తెలుస్తోందని సారు రాజధానికి రాశారు.

తర్వాత నిపుణుల కమిటీ వేశారు. ఎముకల డాక్టరుగారిని వెయ్యబోతే, మాస్టారు చెప్పిన ఆ మూడు మాటలే ఆయనా రాసి పంపారు. అందుకని ఆయన్ని తప్పించి రోడ్లు భవనాల శాఖ నుంచి ఒక ఇంజినీరుగారిని తీసుకున్నారు. బరువు మోసేవాటి సంగతి ఆయనకు తెలుస్తుందని. ఇంజినీరుగారు మాస్టారు వాయిస్తుంటే టేపు పెట్టి అన్ని వైపుల నుంచీ కొలిచి, నివేదిక ఇచ్చారు. గిటారు విషయంలో మూల దోషం ఏమిటంటే, ఎడమచెయ్యి తీగలు నొక్కుతోంది, కుడిచెయ్యి వాటిని మీటుతోంది, ఈ రెండు వేర్వేరు పనులనూ ఒకే మనిషి మీద మోపుతున్నారు. ఒకే స్తంభం మీద రెండు దూలాలు. ఇది నిబంధనలకు విరుద్ధం.

సారు నివేదిక చదివి నావైపు తిరిగారు. “మూర్తి గారూ, మన ఆఫీసులో వచ్చిన ఉత్తరం తీసుకునేది ఎవరు?”

“రామలక్ష్మి గారండి.”

“దానికి నంబరు వేసేది?”

“ప్రకాశం గారండి.”

“ఫైల్లో పెట్టేది?”

“నేనండి.”

“మీ ముగ్గుర్లో ఎప్పుడైనా ఎవరికైనా మణికట్టు నొప్పొచ్చిందా?”

“రాలేదండి.”

“మరింకేం. పని పంచితే అలసట ఉండదు. ఈ రహస్యం మన పూర్వులకు తెలుసు. గిటారువాళ్లకే తెలీలేదు.”

ఆ సాయంత్రమే ఉత్తర్వు రాశాను. ‘గిటారు వాదనమును ఎడమచేతి శాఖ, కుడిచేతి శాఖ అను రెండు విభాగములుగా పునర్వ్యవస్థీకరించడమైనది. ఒక విద్యార్థి ఏదేని ఒక చేతికి మాత్రమే అర్హుడు. రెండవ చేతి వినియోగము తీవ్రముగా పరిగణించబడును.’

ఇప్పుడు ఆ ఇద్దరు విద్యార్థుల గురించి చెప్పాలి. ఒకడు ధనుంజయ్. మంచివాడే, కాని గిటారు కంటే గిటారు సంచీ భుజాన వేసుకుని తిరగడం ఇష్టం. రెండో విద్యార్థి నిస్సీ అనే అమ్మాయి. నిస్సీకి చిన్నప్పట్నుంచీ చర్చిలో గిటారు వాయించడం అలవాటు. ఆ అమ్మాయి చేతిలో గిటారుంటే నాలాంటి వాడు కూడా ఫైలు పక్కన పెట్టేవాడు. వాళ్లమ్మ ఊరి చివర రొయ్యల షెడ్డులో రోజంతా నిలబడి రొయ్యలు ఒలుస్తుంది. ఐసునీళ్లలో నాని నాని ఆవిడ చేతులు పాడైపోయాయి. రాత్రిళ్లు అన్నం ముద్ద కలుపుకోవడానికి కూడా మణికట్టు తిరగదట. పక్క మండలంలో గురుకుల పాఠశాలలో సంగీతం టీచరు ఉద్యోగం ఒకటి ఖాళీగా ఉంది. డిప్లొమా చేతికొస్తే నిస్సీకి అది వస్తుంది. అది వస్తే వాళ్లమ్మ షెడ్డు మానేస్తుంది. ఆ అమ్మాయికి కావలసింది అదొక్కటే, ఆ సంగతి కళాశాలలో అందరికీ తెలుసు.

ధనుంజయ్ మేనమామ సారు ఆఫీసులో పనిచేస్తాడు కాబట్టి, ఏ చెయ్యి కావాలో ముందు అతన్నే అడిగారు. ఫ్యాను కింద కుర్చీ ఎటువైపుంటే అదే ఇమ్మన్నాడు. ఎడమచెయ్యి వచ్చింది. నిస్సీకి కుడిచెయ్యి మిగిలింది.

మొదట్లో ఇద్దర్నీ ఒక బెంచీ మీద కూర్చోబెట్టి, మధ్యన ఒకే గిటారు పెట్టేవాళ్లు. అతను నొక్కుతాడు, ఆ అమ్మాయి మీటుతుంది. చూడ్డానికి వింతగా ఉన్నా, కొద్ది వారాల్లో పాట పలకడం మొదలుపెట్టింది. నిస్సీ మెల్లిగా “ఇప్పుడు జి కార్డు పట్టవయ్యా... ఇప్పుడు సి” అంటూ ఉండేది. ధనుంజయ్‌కి మొదటిసారి నిజంగా గిటారు వచ్చింది. సాల్మన్ మాస్టారు కూడా నవ్వుకుని, “పోనీలెండి, ఒకడు పిండి ఒత్తితే ఒకడు పెనం మీద వేశాడు, పూట గడిచింది,” అన్నారు.

అది గడవకూడదని రాసిపెట్టి ఉంది. ఆడపిల్లా మగపిల్లాడూ ఒకే బెంచీ మీద, భుజం భుజం తగిలేలా కూర్చుంటున్నారని క్రమశిక్షణ కమిటీ అభ్యంతరం చెప్పింది. రెండో గిటారు ఎలాగూ ఉంది, వేర్వేరు గదుల్లో కూర్చోబెట్టమంది. సారుకి అందులో ఇబ్బందేమీ కనబడలేదు. ఎడమచేతి శాఖని మేడ మీద గదిలో ఉంచి, కుడిచేతి శాఖని కింద పాత స్టోరు గదిలోకి మార్చారు.

ఆరోజు సాల్మన్ మాస్టారు నేరుగా సారు గదిలోకి వెళ్లిపోయారు. ఆయనకు కోపం రావడం నేను అంతకుముందు చూళ్లేదు. “సార్, మేడమీద కుర్రాడు తీగ నొక్కుతున్నాడు, చప్పుడు రాదండి. కింద పిల్ల మీటుతోంది, నొక్కేవాడు లేడు, ఏ పాటైనా ఒకటే చప్పుడండి. ఇద్దర్నీ కలపకపోతే పాట ఎక్కడుంటుందండి?”

“కలపమని ఎవరు చెప్పారు? కలపడం ఇక్కడి పని కాదు మాస్టారూ,” అన్నారు సారు నెమ్మదిగా. “ఎడమచేతి శాఖ నుంచి ఒక రికార్డింగు, కుడిచేతి శాఖ నుంచి ఒక రికార్డింగు, రెండూ యథావిధిగా పై కార్యాలయానికి వెళతాయి. సంగీతం అక్కడ క్రోడీకరించబడుతుంది.”

“అక్కడ ఎవరు కలుపుతారండి?”

“ఆ విషయం పైవారి పరిశీలనలో ఉంది.”

మాస్టారు బయటికొచ్చి మెట్ల మీద కూర్చున్నారు. నేను టీ తెప్పించి ఇచ్చాను. అంతకంటే నేను చెయ్యగలిగింది లేదు.

రికార్డింగులు పైకి వెళ్లాయి. ధనుంజయ్ పంపినదాంట్లో ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ లేదు. దోషరహితంగా ఉందని ప్రశంసాపత్రం వచ్చింది. నిస్సీ పంపినదాంట్లో వట్టి తీగల మోత. ‘అన్ని పాటలూ ఒకే విధంగా ఉన్నవి, నిలకడ మెచ్చదగినది’ అని దానికీ మెప్పు వచ్చింది. సారు ఆ రెండు కాగితాలకూ అద్దం కట్టించి గోడకు పెట్టించారు.

ఒక మధ్యాహ్నం నిస్సీ నా బల్ల దగ్గరకు వచ్చింది. “సార్, నా డిప్లొమా మీద ఏమని రాస్తారండి?”

“గిటారు, బ్రాకెట్లో కుడిచెయ్యి.”

“మరి ఎడంచెయ్యి ఎప్పుడు రాస్తారండి?”

“ఇది పూర్తయ్యాక మళ్లీ దరఖాస్తు పెట్టుకోవచ్చమ్మా. ఎడమ సీటు ఖాళీ ఉంటే, ఇంకో రెండేళ్లు.”

“గురుకులం వాళ్లు వాయించి చూపించమంటారండి. కుడిచేత్తో ఏం చూపించమంటారు? మా అమ్మ ఇంకెన్నాళ్లు ఒలుస్తుందండి?”

నేను ఉత్తర్వు కాపీ తీసి చూశాను. “పోనీ ఇంటి దగ్గర రెండు చేతుల్తో సాధన చేసుకో. ఇంటి గురించి ఉత్తర్వులో రాయలేదు,” అన్నాను.

“చర్చిలో వాయిస్తానండి.”

“అక్కడ చూసినవాళ్లు ఫిర్యాదు చేస్తే ఇబ్బందమ్మా.”

“అక్కడందరూ కళ్లు మూసుకునే ఉంటారండి,” అని వెళ్లిపోయింది.

ఇంతలో పథకం విజయవంతమైనందుకు అభినందన సభ పెట్టారు. శాఖ మంత్రిగారు వస్తున్నారు. ఆయన ఎదుటే ఎడమచేతినీ కుడిచేతినీ ప్రత్యక్షంగా క్రోడీకరించి చూపిస్తామని సారు మాటిచ్చారు. మేడ మీద గదిలో ఒక మైకు, కింద స్టోరు గదిలో ఒక మైకు, రెండింటి తీగలూ ఆడిటోరియం స్పీకర్లకు కలిపాం. జ్యోతి ప్రజ్వలన, శాలువాలు, జ్ఞాపికలు అన్నీ అయ్యాక, సారు మైకు ముందుకొచ్చి “ఇప్పుడు మీరు అలసట లేని సంగీతాన్ని ఆలకించబోతున్నారు,” అని ప్రకటించారు.

స్పీకర్లలోంచి వట్టి తీగలు ఝంయ్‌మన్నాయి. మళ్లీ ఝంయ్. ఇంకోసారి ఝంయ్. మంత్రిగారు కాసేపు ఓపిక పట్టి, సారు వైపు వంగారు. “పాట ఎప్పుడు మొదలవుద్దయ్యా?”

“సగం అయిపోయిందండి,” అన్నారు సారు.

సభలో ఎవరో నవ్వారు. ఆ నవ్వు వరస వెంట వరస పాకింది. స్టోరు గది ఆడిటోరియం వెనకే, మధ్యన గోడ. తన మోత స్పీకర్లోంచి వచ్చి తనకే వినబడుతోంది, ఆ తర్వాత నవ్వులూ వినబడ్డాయి. ఆ గదిలో నిస్సీ ఏమనుకుందో నాకు తెలీదు. నాకు తెలిసిందల్లా, ఉన్నట్టుండి ఝంయ్ ఆగింది. ఒక్క క్షణం ఏమీ లేదు. తర్వాత పాట వచ్చింది.

ఏ పాటో నాకు తెలీదు. మంత్రిగారు కాలు ఊపడం మొదలుపెట్టారు. భ్రమరాంబ గారు కళ్లు మూసుకుని ఒళ్లో వేళ్లు కదిపారు. సారు ముఖం వెలిగిపోయింది, క్రోడీకరణ కుదిరిందని ఆయన నిజంగానే నమ్మారు. సరిగ్గా అప్పుడే ఆడిటోరియం పక్క తలుపు తీసుకుని ధనుంజయ్ లోపలికొచ్చాడు. చేతిలో ప్లేటు, ప్లేట్లో మంత్రిగారి కోసం తెప్పించిన జీడిపప్పు పకోడీ. ఎడమచేతి శాఖకు అది విశ్రాంతి సమయం. అతను పకోడీ నములుతూ తలాడిస్తున్నాడు, స్పీకర్లలోంచి పాట వస్తూనే ఉంది.

సారు ధనుంజయ్‌ని చూశారు. స్పీకర్లను చూశారు. మళ్లీ ధనుంజయ్‌ని చూశారు. మంత్రిగారు లేచి చప్పట్లు కొట్టారు కాబట్టి సారు కూడా కొట్టవలసి వచ్చింది.

మర్నాడే నిస్సీకి సంజాయిషీ నోటీసు రాశాను. ‘మీకు కేటాయించబడని ఎడమచేతిని మీరు అనధికారముగా వినియోగించినట్లు తెలియవచ్చుచున్నది. మీపై ఏల చర్య తీసుకొనరాదో తెలుపవలెను.’ ఆ అమ్మాయి రాసిచ్చిన జవాబు ఒక్క ముక్క. ‘ఎడమచెయ్యి కూడా నాదేనండి.’

జవాబు సంతృప్తికరంగా లేనందువల్ల విచారణ పెట్టారు. సారు, ఇంజినీరుగారు, భ్రమరాంబ గారు సభ్యులు. రాసుకోడానికి నేను. ఇంజినీరుగారికి మొదట్లోనే ఒక సందేహం వచ్చింది. ఒకే మనిషి ఒకే సమయంలో రెండు చేతులూ వాడి వాయించిందనడానికి రుజువేమిటి? ఎవరూ చూడలేదు కదా. గోడ అవతల జరిగింది.

“నిజమే. నేరం రుజువు కావాలంటే మా ఎదుట మళ్లీ జరగాలి,” అన్నారు సారు. “అమ్మాయీ, ఆరోజు ఎలా చేశావో చేసి చూపించు.”

“చేస్తే తప్పన్నారు కదండీ.”

“విచారణలో చేస్తే తప్పు కాదు.”

నిస్సీ గిటారు ఒళ్లోకి తీసుకుంది. మణికట్టు తిన్నగా, బొటనవేలు వెనకాల, భుజాలు వదులుగా. వాయించింది. పాట అయ్యాక ఎవరూ పెన్ను కదపలేదు. ఇంజినీరుగారు గొంతు సవరించుకుని, ఒక్కసారితో నిర్ధారణకు రావడం సాంకేతికంగా సరికాదని, ఇంకో పాట కావాలని అన్నారు. రెండోది విన్నాక, ఎడమచేతి వినియోగం స్పష్టంగానే ఉంది కాని అది ఉద్దేశపూర్వకమా, యాదృచ్ఛికమా తేలాలన్నారు భ్రమరాంబ గారు. మూడోది వినవలసి వచ్చింది.

అలా విచారణ వాయిదాల మీద వాయిదాలు పడింది. మధ్యాహ్నం భోజనాలవగానే విచారణ గది నిండిపోయేది. సాక్షులుగా మృదంగం వాళ్లు వచ్చారు, నృత్యం వాళ్లు వచ్చారు, ఎదురుగా ఉన్న ట్రెజరీ ఆఫీసు నుంచి ఏ సంబంధమూ లేనివాళ్లు వచ్చి నిలబడేవారు. భ్రమరాంబ గారు ఒకరోజు నేరం తీవ్రత అంచనా వెయ్యడానికని తన వీణ తెచ్చుకుని పక్కన కూర్చున్నారు. సాల్మన్ మాస్టారు వెనక బెంచీలో కూర్చుని కళ్లు తుడుచుకునేవారు. నాకూ ఏడుపొచ్చింది. నాకు సంగీతం రాదని ముందే చెప్పాను.

ఆఖరిరోజు సారు అధికారికంగా ఒక ప్రశ్న వేశారు. “ఇన్నిసార్లు వాయించావు. నీ మణికట్టు అలసిపోలేదా?”

“లేదండి. మాస్టారు చెప్పినట్టు చేస్తానండి, అలసిపోదు.” నిస్సీ గిటారు పక్కన పెట్టింది. “అలసిపోయిన మణికట్టు మా అమ్మదండి. పొద్దున్న ఐదింటికి పోయి రొయ్యలు ఒలుస్తుంది. ఆవిడకేం పథకం ఉందండి?”

సారు నా వైపు చూశారు. నేను నియమావళి తిరగేశాను.

“అది మత్స్యశాఖ పరిధిలోకి వస్తుందమ్మా,” అన్నాను. అంత సిగ్గుపడుతూ నేను ఎన్నడూ ఏ జవాబూ చెప్పలేదు.

తీర్పు ముందే ఖాయమైంది. మంత్రిగారి ముందు జరిగిన పని కాబట్టి క్షమిస్తే పథకమే తప్పని ఒప్పుకున్నట్టవుతుంది. కళాశాల నుంచి తొలగింపు, డిప్లొమా లేదు. ఉత్తర్వు పకడ్బందీగా ఉండాలి, రేపు కోర్టుకి వెళ్లినా నిలబడాలి, నేరంలో ఏ అంశమూ వదిలిపెట్టొద్దని సారు గట్టిగా చెప్పారు. నేను వదల్లేదు. ఆ రోజంతా కూర్చుని రాశాను. నా జీవితంలో అంత శ్రద్ధగా ఏదీ రాయలేదు.

‘సదరు విద్యార్థిని ఎడమచేతితో తీగలను నొక్కుచు, అదే సమయమున కుడిచేతితో మీటుచు, శ్రుతి తప్పక, తాళము చెడక, ఎట్టి అలసటకును లోనుగాక, కోరిన ప్రతి పాటను సంపూర్ణముగా వాయించగలదనియు, పలుమార్లు వాయించినదనియు, ముగ్గురు సభ్యుల కమిటీ ఎదుట నిస్సందేహముగా రుజువైనది. ఆమె ఈ కృత్యమునందు ఆరితేరినదని కమిటీ ఏకగ్రీవముగా అభిప్రాయపడినది. కావున...’

సారు చదివి, చాలా పటిష్ఠంగా ఉందని మెచ్చుకుని సంతకం పెట్టారు. మిగతా ఇద్దరూ పెట్టారు.

ఉత్తర్వు అందుకోడానికి నిస్సీ వచ్చింది. ఏడుస్తుందనుకుని మంచినీళ్లు సిద్ధంగా పెట్టాను. ఆ అమ్మాయి నిలబడే చదివింది. మొదటి పేజీ చదువుతున్నంతసేపూ పెదవులు బిగించే ఉంది. రెండో పేజీకి వచ్చాక కుర్చీ లాక్కుని కూర్చుని మళ్లీ మొదట్నుంచీ చదివింది.

“సార్, దీనిమీద గుండ్రటి స్టాంపు కూడా వేస్తారాండి?”

వేశాను. ప్రతి పేజీకీ, సంతకాల దగ్గరా, కొంచెం గట్టిగానే నొక్కి వేశాను.

ఆ తర్వాతి నెలలో గురుకులం ప్రిన్సిపాల్ దగ్గర్నుంచి మా ఆఫీసుకి ఉత్తరం వచ్చింది. ఉద్యోగానికి దరఖాస్తు పెట్టిన ఒక అభ్యర్థిని డిప్లొమాకి బదులు మీ కార్యాలయ ఉత్తర్వు ఒకటి జతపరిచింది, అది అసలైనదో కాదో ధ్రువీకరించగలరు అని. ధ్రువీకరణ తపాలాలో పోతే నెల పడుతుందని ఇంటర్వ్యూ రోజుకి నేనే పట్టుకెళ్లాను. అలా అని సెలవుచీటీలో రాశాను.

నేను వెళ్లేసరికి ఇంటర్వ్యూ గది బయట ధనుంజయ్ కూర్చుని ఉన్నాడు. ఎడమచేతి డిప్లొమా, ప్రథమ శ్రేణి, పక్కన ప్రశంసాపత్రం. లోపల వాయించమన్నారట. కుడిచెయ్యి ఎవరైనా ఒకర్ని ఇప్పించండని అడిగాడట. “లోపలికెళ్లి పరువు పాడు చేసుకోవద్దని నిస్సీ ముందే చెప్పిందండి. నేనే వినలేదు,” అన్నాడు, నవ్వుతూనే.

లోపల నిస్సీ కూర్చుని ఉంది. ఎదురుగా పెద్దావిడ ప్రిన్సిపాల్ గారు ఆ ఉత్తర్వు బల్లమీద పరుచుకుని చదువుతున్నారు. నన్ను కూర్చోమన్నారు. “ఇందులో రాసిన నేరం అంతా నిజమేనాండీ?”

“అక్షరం అక్షరం నిజమండి. నేనే రాశాను.”

“ముగ్గురూ ఏకగ్రీవంగా తేల్చారా?”

“ఏకగ్రీవంగానేనండి. చాలాసార్లు విన్నాకే తేల్చారు.”

ఆవిడ కళ్లద్దాలు తీసి నిస్సీ వైపు తిరిగారు. “చూడమ్మా, ఇక్కడ చేరితే నువ్వు ఈ నేరం రోజూ చెయ్యాలి. నూట ఇరవై మంది ఆడపిల్లలున్నారు, వాళ్లందరి చేతా చేయించాలి. చెయ్యగలవా?”

నిస్సీ ఒక్కసారి తన రెండు చేతులకేసి చూసుకుంది.

“చేస్తానండి.”